కొండల్లో అయిదు రోజులు: ఒకే చోట ఉండాలా, తొమ్మిది చోట్లూ చూడాలా?

చినుకుపూలు (చర్చ ప్రారంభం)
మా ఇంట్లో రెండు వారాలుగా నడుస్తున్న గొడవ ఇది. తీర్పు మీకే వదిలేస్తున్నాను. మేము ఆరుగురం: నేను, మావారు, పదమూడేళ్ల అమ్మాయి, ఆరేళ్ల బాబు, అత్తగారు, మామగారు. ఉన్నది అయిదు రోజుల సెలవు. మావారు వేసిన పట్టికలో తొమ్మిది చోట్లు, నాలుగు బసలు. మొదటి రోజు వరస చూడండి: అయిదున్నరకు సూర్యోదయం, ఎనిమిదికి జలపాతం (పక్కనే "40 నిమిషాలు" అని రాసి ఉంది), పదకొండుకు సరస్సు, రెండింటికి పాత కోట, చీకటి పడేలోగా తర్వాతి ఊరు. జలపాతానికి నలభై ఎందుకు, ముప్పై అయిదు సరిపోదా అని అడిగితే ఆయనకు కోపం వచ్చింది.

ఒక ఊళ్లో ఒక ఇల్లు తీసుకుని అయిదు రోజులూ అక్కడే ఉందామని నా కోరిక. "అంత దూరం వెళ్లి కూర్చుని వస్తామా?" అని ఆయన. మీరేమంటారు?

లెక్కలబడి
నా ఓటు మీవారికే. ఆరుగురికీ ఒకేసారి సెలవు కుదరడమే గగనం. ఈసారి ఒకటి చూద్దాం, మరోసారి ఇంకొకటి అనేవాళ్లకు ఆ మరోసారి వస్తుందన్న ధీమా ఉంటుంది. నాకు లేదు. మా నాన్నగారికి మంచును చేత్తో తాకాలని కోరిక. ఒక సెలవులో కింది ఊళ్లోనే హాయిగా గడిపి, మంచు దాకా వచ్చే ఏడాది వెళ్దాంలే అనుకున్నాం. వచ్చే ఏడాదికి ఆయన మోకాళ్లు ఒప్పుకోలేదు. నింపాదిగా గడిపిన ఆ నాలుగు రోజుల్లో ఏం చేశామో నాకిప్పుడు గుర్తే లేదు.

స్టీరింగు
ఇరవై ఏళ్లుగా కొండదారుల్లో యాత్రికుల బండి నడుపుతున్నాను. పట్టికలు వేసేవాళ్లు కిలోమీటర్లు చూస్తారు, మలుపులు చూడరు. ఎదురుగా లారీ వస్తే నేను ఆగాలి. దిగేటప్పుడు చిన్న గేరులో, ఇంజను పట్టు మీద దిగాలి. "కోట మూసేస్తారు, కాస్త తొందరగా" అని వెనక నుంచి అంటుంటే కొత్త డ్రైవరు ఏం చేస్తాడు? పెద్ద గేరులో వదిలి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతాడు. బ్రేకులు కాగిపోతే ఎంత తొక్కినా బండి పట్టుకోదు. కాలిన వాసన ముక్కుకు తగిలిందంటే వెంటనే ఆపి చల్లారనివ్వాలి. ఆ సమయం ఏ పట్టికలోనూ ఉండదు.

మరొకటి, మీ బాబు వయసు. రెండేళ్లు దాటి పన్నెండేళ్ల లోపు పిల్లలకే ఘాట్ రోడ్డులో వాంతులు ఎక్కువ. బండి తిరుగుతోందని లోపలి చెవి చెబుతుంది, ఫోనులో పెట్టిన కళ్లు అదేమీ లేదంటాయి. ఆ తగవు కడుపు మీదికి వస్తుంది. నా బండిలో ప్రతి సీటు వెనకా రెండు కవర్లు దోపి ఉంచుతాను. మూడో బసకు చేరేసరికి ఒక్కటీ మిగలదు.

లెక్కలబడి
ఫోను లాక్కుని, కిటికీలోంచి దూరంగా చూడమంటే సగం తగ్గుతుంది కదండీ. వాంతులకు భయపడి ఇల్లు కదలకుండా ఉంటామా?

కాలిబాట
జలపాతం దగ్గరకు నడక ఎంత?

చినుకుపూలు
రోడ్డు నుంచి 2 కిలోమీటర్లు, 200 మీటర్ల దిగుడు అని ఉంది.

కాలిబాట
1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. నడకకు సుమారు 5 కిలోమీటర్లకు గంట, ఎక్కుడు ఉంటే ప్రతి 600 మీటర్లకూ మరో గంట. ఇప్పటికీ కొండల్లో నడిచేవాళ్లు దాంతోనే మొదలుపెడతారు. మీ తిరుగుదారికి వేసి చూడండి: 24 నిమిషాలు, ఇంకో 20. అంటే పైకి రావడానికే 44. అది కూడా ఎక్కడా ఆగని, దిట్టమైన మనిషికి. మీవారి నలభై నిమిషాల్లో జలపాతం చూడటానికి మిగిలేది మైనస్ నాలుగు, దిగే సమయం కలపకుండానే.

చినుకుపూలు
ఇది ఆయనకు చదివి వినిపించాను. కాలిక్యులేటర్ తీశారు.

వెన్నెలమెట్లు
అందరూ ఒకే ఇల్లు, ఒకే ఇల్లు అంటున్నారు. ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారో ముందు తేల్చుకోండి.

అలాంటి "విశ్రాంతి" సెలవు నేనూ గడిపాను. ఎనిమిది మందిమి, నాలుగు రోజులు. పొద్దున్నే అందరూ వరండాలో వరసగా కూర్చుని లోయను చూసేవాళ్లు. నేను వంటింటి కిటికీలోంచి వాళ్ల వీపులు చూసేదాన్ని. పైగా ఎత్తు పెరిగే కొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ చొప్పున. 3,000 మీటర్ల దగ్గర 90 డిగ్రీలకే తెర్లుతాయి. మరుగుతున్నట్టే కనిపిస్తుంది, ఏదీ ఉడకదు. ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరలేదు. రోజుకో బస మారిన ఇంకో ప్రయాణంలోనే, ఎవరో వడ్డిస్తే కూర్చుని తిన్నాను. నెమ్మది అన్నది ఇంట్లో ఎవరి వంతుకు వస్తుందో చూడకుండా దాన్ని మెచ్చుకోవడం నాకు నచ్చదు.

చినుకుపూలు
నిజం చెబుతున్నాను, ఇది నాకు తట్టనే లేదు. కోరింది నేనే, చాకిరీ చేయబోయేదీ నేనే. వంట ఉన్న ఇల్లు రద్దు. భోజనం పెట్టే బసే చూస్తాను.

నింపాది
ఊరికే కూర్చోవడం గొప్ప అని నేను అనను. నా లెక్క వేరు. కొండల్లో చూడాల్సింది మనం వెళ్లిన గంటకు కనబడాలన్న నియమం లేదు. ఎండెక్కే కొద్దీ వాలులు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పైకి వెళ్లి చల్లబడుతుంది, అందులోని తేమ మబ్బవుతుంది. అందుకే పొద్దున నిగనిగలాడిన శిఖరం మధ్యాహ్నానికి తెల్లటి గోడ అవుతుంది. ఒక్క ఉదయం ఉండేవాడికి ఒక్కటే అవకాశం. మూడు ఉదయాలు ఉండేవాడికి మూడు. తొమ్మిది చోట్లకు వెళ్లి తొమ్మిది మబ్బులు చూసి వచ్చినవాళ్లు నాకు తెలుసు, ఫోటోలన్నీ ఒకేలా ఉన్నాయి.

స్టెతస్కోపు
చూడబోయే చోట్ల సంగతి పక్కన పెట్టి, రాత్రి పడుకోబోయే ఊళ్ల ఎత్తులు చెప్పండి.

చినుకుపూలు
వరసగా 1,900, 2,700, 3,400, 2,200 మీటర్లు.

స్టెతస్కోపు
మూడో రాత్రి దగ్గరే చిక్కు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది మేము చెప్పే జాగ్రత్త. మీరు ఒక్క రోజులో 700 పెంచుతున్నారు. గాలిలో ఆక్సిజన్ వంతు అక్కడా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడే తగ్గుతుంది. 3,000 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందేది సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 70 శాతమే. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రోజూ వ్యాయామం చేసేవాళ్లకు రాదనుకోవద్దు. ఆరేళ్ల పిల్లవాడు తలనొప్పి అని చెప్పకపోవచ్చు. తిండి మానేస్తాడు, ఆట మానేస్తాడు, చికాకు పడతాడు. మనం అల్లరి అనుకుంటాం. లక్షణాలుంటే ఇంకా పైకి వెళ్లకూడదు, ముదిరితే కిందికి దిగాలి. అత్తమామలకు గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే బయలుదేరే ముందే వాళ్ల డాక్టరును కలవండి.

లెక్కలబడి
సరే, ఆ రాత్రి బస తీసేయండి. పగలు పైకి వెళ్లి, మంచు చూసి, కింద పడుకోండి. దానికి అభ్యంతరం ఉందా?

స్టెతస్కోపు
లేదు. ఎత్తుకు వెళ్లినా తక్కువ ఎత్తులో పడుకోవడమే మంచిది. పైన ఎవరికైనా బాగా లేకపోతే మంచు వదిలేసి దిగిపోవాలి, అంతే.

నింపాది
అంటే ఒక రోజంతా బండిలోనే. నాకు ఒప్పుదల లేదు.

లెక్కలబడి
మీ నాన్నగారు మంచు అడగలేదేమో.

చినుకుపూలు (మూడు వారాల తర్వాత)
వెళ్లి వచ్చాం. రెండు బసలు, రెండేసి రాత్రులు, నాలుగు చోట్లు. కోట తీసేశామని అత్తగారు ఇంకా గుర్తు చేస్తూనే ఉన్నారు. శిఖరం మొదటి ఉదయం కనబడలేదు, రెండో ఉదయం మెట్ల మీది నుంచి ఇరవై నిమిషాలు కనబడింది. ఆ ఇరవై నిమిషాలూ మా అమ్మాయి నిద్రపోయింది. జలపాతానికి మావారు ఒక్కరే వెళ్లారు. రెండు గంటల పది నిమిషాలు పట్టిందట. కాలిబాట గారికి చెప్పమన్నారు.

ఏ పనీ లేని మధ్యాహ్నం మాత్రం నేను అనుకున్నట్టు సాగలేదు. మొదటి గంట అంతా పిల్లల రుసరుసలే. తర్వాత బస వెనక బండరాయి మీద బూడిద రంగు మచ్చ ఒకటి బాబు కంటపడింది, నా అరచేయంత. గీకబోతే అక్క ఆపింది. అది లైకెన్ అట, నాచులాంటి శైవలం, బూజు కలిసి బతికే జీవి. రాతికి అంటుకుని పెరిగేవాటిలో చాలావాటికి ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరగడం కూడా కష్టమేనట. వాడు వేళ్లతో కొలిచి, "తాతయ్య కంటే పెద్దదా?" అన్నాడు. కావచ్చు అన్నారు మామగారు, దాని పక్కనే కూర్చుంటూ.

లెక్కలబడి
మంచు చూశారా?

చినుకుపూలు
మూడో రోజు చూశామండీ. పైన గంటసేపే ఉన్నాం, బాబుకు దారిలో రెండు కవర్లు పట్టాయి. మామగారు ఎవరూ చూడకుండా గుప్పెడు మంచు తీసి కోటు జేబులో వేసుకున్నారు. కిందికి వచ్చేసరికి జేబంతా తడి. బస చేరి బండి దిగేదాకా ఆయన అందులోంచి చేయి తీయలేదు.