650 డిగ్రీల్లో ఇంకోనెల్ 718 యీల్డ్: ఏ అంకె నమ్మాల?

గాజులమండ్యం_షాపు:
అన్నలూ, ఫర్నేసు ఫిక్చర్‌కి ఇంకోనెల్ 718 (వేడికి తట్టుకునే నికెల్ మిశ్రలోహం) బోల్టులు. 650 డిగ్రీల సెల్సియస్‌లో 1000 గంటలు నిలబడాల. ఎఫ్ఈఏలో (కంప్యూటర్ ఒత్తిడి లెక్క) పెట్టేదానికి యీల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) వెతికితే ఒక సైటులో 550 ఎంపీఏ, ఇంకోదాంట్లో 1034, మరోచోట 1180 ఉండాది. లోహం ఒకటే, అంకెలు మూడు. ఏది పెట్టుకోవాల?

చంద్రగిరి_మెటలర్జీ:
మూడూ సరైనవే, మూడూ మీ బోల్టువి కావు. 550 అనేది అనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరచిన) షీటుది, ఏఎంఎస్ 5596 (ఏఎంఎస్ అంటే విమాన లోహాల ప్రమాణాలు). అదీ గరిష్ఠం: షీటు సులువుగా వంగాలని అంతకు మించకూడదంటారు. దాన్ని కనిష్ఠం అనుకుని ఎక్కించుకున్న సైట్లున్నాయి! 1034 అనేది ఏజింగ్ (గట్టిపడేలా గంటల తరబడి వేడిలో ఉంచడం) చేసిన కడ్డీకి ఏఎంఎస్ 5663 ఇచ్చే కనిష్ఠం, మామూలు ఉష్ణోగ్రతలో. 1180 టిపికల్, అంటే సగటు బాపతు. డిజైన్‌కి పనికిరాదు.

అదే 5663లో 649 డిగ్రీలకి కనిష్ఠ యీల్డ్ 862, యూటీఎస్ (తెగే ముందు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి) 1000. (649 ఏంటంటే 1200 ఫారన్‌హీట్.) సర్టిఫికెట్‌లో నంబర్ చూసుకోండి. 5662 అని ఉంటే ఏజింగ్ కాని కడ్డీ వచ్చినట్టు. 718 డిగ్రీల్లో 8 గంటలు, ఫర్నేసులోనే 621కి దించి, మొత్తం 18 గంటలు అయ్యేదాకా ఉంచడం మీ పనే. మిధాని (హైదరాబాద్ ప్రభుత్వ లోహాల కంపెనీ) వాళ్ల 'సూపర్‌ని 718' రకం కొన్నా అడగాల్సింది ఇదే.

స్పెషల్ మెటల్స్, హేన్స్ డేటాషీట్లు ఉచితమే, గ్రాఫులు బాగుంటాయి. కానీ చాలావరకు టిపికల్. గట్టిగా కావాలంటే ఎంఎంపీడీఎస్ (విమాన లోహాల డిజైన్ విలువల పుస్తకం) కొనాల. అందులో ఏ-బేసిస్ విలువ అంటే, 95 శాతం నమ్మకంతో 99 శాతం లోహం దాన్ని దాటుతుందని.

ఏర్పేడు_క్రీప్:
యీల్డ్ సంగతి అటుంచండి. 1000 గంటలంటే లెక్క క్రీప్‌ది (వేడిలో ఒత్తిడికి లోహం మెల్లగా సాగిపోవడం). 5663లోనే స్ట్రెస్ రప్చర్ (ఒత్తిడిలో ఉంచితే ఎన్ని గంటలకి తెగుతుంది) షరతు ఉంది: 649 డిగ్రీలు, 690 ఎంపీఏ, కనీసం 23 గంటలు. లార్సన్-మిల్లర్‌లో పెట్టండి (వేడినీ గంటలనీ కలిపి లెక్కేసే సూత్రం), స్థిరాంకం సి=20:
649 డిగ్రీలంటే 922 కెల్విన్, 23 గంటలకి లాగరిథం 1.362: 922 × (20 + 1.362) = 19,696
1000 గంటలకి (లాగరిథం 3): 19,696 ÷ (20 + 3) = 856 కెల్విన్, అంటే 583 డిగ్రీలు.

ఆ ఒత్తిడికి 649లో 23 గంటలే గ్యారంటీ, 1000 గంటలు కావాలంటే 66 డిగ్రీలు తగ్గాల. ఇది ఒక్క బిందువు మీద ఉజ్జాయింపు, డిజైన్ అంకె కాదు. సి విలువ మారితే జవాబు మారుతుంది. పైగా బోల్టు విరక్కముందే రిలాక్సేషన్‌తో బిగువు పోతుంది, జాయింటు వదులవుతుంది.

గాజులమండ్యం_షాపు:
సర్టిఫికెట్‌లో 5663 అనే ఉందన్నా. చెన్నై ల్యాబులో హాట్ టెన్సైల్ (వేడిలో లాగి చూసే టెస్టు) చేయిస్తే?

చంద్రగిరి_మెటలర్జీ:
హీట్ (ఒకేసారి కరిగించిన లోహపు బ్యాచ్) సరైందో కాదో తెలుస్తుంది, 1000 గంటల సంగతి తెలీదు. చేయిస్తే ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపిచ్చే సంస్థ) స్కోపులో ఆ టెస్టు, 650 డిగ్రీలు రెండూ ఉన్నాయేమో ముందే చూడండి. ఏఎస్‌టీఎం ఈ21 (ఈ టెస్టు ప్రమాణం) ప్రకారం థర్మోకపుల్ నమూనాకే కట్టాల, తేడా 3 డిగ్రీలు మించకూడదు, లాగేముందు 20 నిమిషాలు తగ్గకుండా వేడిలో ఉంచాల. ఎక్స్‌టెన్సోమీటర్ (నమూనా సాగుదలని కొలిచే పరికరం) లేకుండా క్రాస్‌హెడ్ (మెషీన్‌లో లాగే భాగం) కదలిక నుంచి యీల్డ్ రాసిస్తే ఆ కాయితం తీసుకోవద్దు. యీల్డ్ దాకా స్ట్రెయిన్ రేటు నిమిషానికి 0.005. వేగం పెంచితే వేడిలో అంకె పెరిగి కనిపిస్తుంది.

ఏర్పేడు_క్రీప్:
ఆ డబ్బుతో రప్చర్ టెస్టే చేయించుకోండి. మీ బోల్టు ఒత్తిడి ఎంతో ముందు చెప్పండి, 300 ఎంపీఏ లోపలయితే కథ వేరు.