జెర్మాట్‌కు పొద్దున పోయి రాత్రికి రావచ్చా? నాన్నకు 67 ఏండ్లు, బీపీ ఉంది

నీలగిరి_అక్క

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. తమ్ముడు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, సెప్టెంబర్‌లో అమ్మానాన్నలను తీసుకొని నేను పోతున్నా. వాడికి మాతో తిరగడానికి సెలవు దొరికింది ఒక్క శుక్రవారమే. నాన్న మాత్రం వీసా చేతికి రాకముందు నుంచే ఒకటే మాట, "తమ్ముడు తెచ్చే చాక్లెట్ డబ్బా మీద ఒక గుట్ట ఉంటది చూడు, అది చూపించుండ్రి, ఇంకేం వద్దు" అని. అది మాటర్‌హార్న్ అట, దాని కింద ఊరు జెర్మాట్ అట, బాగా డబ్బున్నవాళ్లు మంచు మీద ఆటలకు వచ్చే ఊరట. అక్కడ రాత్రి ఉండేంత స్తోమత మాకు లేదు. ఒక్క రోజులో అయ్యేదేనా? పైకి తీసుకుపోతే నాన్నకు ఊపిరి ఇబ్బంది అవుతుందా? అమ్మ మాంసం ముట్టదు, తిండి సంగతేంటి? రైలు పాస్ ఒకటి ముందే కొంటే చవక అంటున్నారు, కొనేయమంటారా? ఇన్ని ప్రశ్నలు ఒకేసారి అడుగుతున్నా, ఏమీ అనుకోకండి.

సాగర్_కట్ట

అక్కా, నేను మా అత్తామామలను తీసుకొని పోయివచ్చాను, చేసిన తప్పులన్నీ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి చెప్పే హక్కు ఉంది.

జ్యూరిక్ నుంచి విస్ప్ దాకా పెద్ద రైలు, అక్కడ దిగి ఎదురుగా ఉండే చిన్న ఎర్ర రైలు ఎక్కాలి, మొత్తం మూడుంబావు గంటలు. పొద్దున 6 గంటల బండి అందుకుంటే తొమ్మిది దాటాక ఊర్లో ఉంటారు. ఆ ఊర్లోకి పెట్రోలు బండ్లను రానివ్వరు. కార్లో వచ్చినా టేష్ అనే ఊర్లో పెట్టేసి పన్నెండు నిమిషాలు రైల్లో రావాల్సిందే. లోపల తిరిగేవి డబ్బాల్లాంటి కరెంటు టాక్సీలు, చప్పుడు ఉండదు, వెనక నుంచి మీదికి వచ్చేదాకా తెలియదు, నాన్నను జాగ్రత్తగా నడిపించు.

ఇప్పుడు నా తప్పు. ముందురోజు రాత్రే పైకి టికెట్లు కొనేశాను, అదీ అన్నిటికంటే ఎత్తుకు పోయే కేబుల్ కారుకు, 3,883 మీటర్లు. పొద్దున లేస్తే మబ్బు. డబ్బులు పెట్టాం కదా అని ఎక్కాం. పైన తెల్ల దుప్పటి కప్పినట్టు, చేయి చాపితే వేళ్లు కనబడతాయి అంతే. మా అత్తమ్మకు తల తిరిగి బెంచీ మీద కూలబడింది, ఆమెకు నీళ్లు తాగించుకుంటూ మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే రెండు మాటలు. ముందే కొనకు, పొద్దున లేవగానే గుట్ట మీద పెట్టిన కెమెరాలు లైవ్‌లో చూడు, గుట్ట కనబడితేనే కొను. రెండోది, పెద్దవాళ్లతో 3,883 వద్దు, గోర్నర్‌గ్రాట్ అనే పక్క గుట్ట మీదికి పోయే రైలు చాలు. అదీ 3,089 మీటర్లు, మన సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు కదా, అట్లాంటివి ఇరవై ఐదు ఒకదాని మీద ఒకటి పేర్చినంత! కాకపోతే రంపం లాంటి పళ్లున్న చక్రాల రైలు, అరగంట పైన పట్టి మెల్లగా ఎక్కుతుంది, ఒంటికి అలవాటు పడే టైం ఉంటుంది, వద్దనిపిస్తే మధ్య స్టేషన్‌లో దిగిపోవచ్చు. బయలుదేరే ముందు డాక్టర్‌ను మాత్రం అడుగు. 1898 నుంచి నడుస్తోంది ఆ రైలు, మొదటి రోజు నుంచీ కరెంటుతోనే. ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి, గుట్ట అటే.

పైన సెప్టెంబర్‌లో కూడా చలి గట్టిగానే ఉంటుంది. నాన్నను చెప్పులతో తీసుకుపోయేవు సుమా.

కోయిల్‌సాగర్

గుట్ట చూడ్డానికి మనిషికి వంద ఫ్రాంకులా? మా దగ్గర మన్నెంకొండ ఎక్కితే గాలికి గాలి, దేవుడికి దేవుడు.

పాలమూరు_పిల్ల

కోయిల్‌సాగర్ అన్నా, మన్నెంకొండ మీద మంచు పడితే చెప్పు, మొదటి బస్సుకే వస్తా :)

అక్కా, నేను బెర్న్ దగ్గర నాలుగేండ్ల నుంచి ఉంటున్నా. సాగర్ అన్న చెప్పింది పైకి పోయే టికెట్ వరకు నిజం, వేసవిలో రానూపోనూ వంద ఫ్రాంకులు దాటుతుంది, ఫ్రాంకంటే మన వంద రూపాయల పైమాటే, అది ముందే కొనొద్దు. కానీ రైలు పాస్ లెక్క వేరు. నువ్వు విన్నది సేవర్ డే పాస్ అయి ఉంటుంది, ఎంత ముందు కొంటే అంత చవక, తేదీ మారదు, డబ్బు వాపసు రాదు. అందుకే జనం భయపడతారు. భయం ఎందుకంటే అది జెర్మాట్ టికెట్ అనుకుంటారు కాబట్టి. అది ఊరికి కాదు, ఆ రోజుకు. ఆ రోజంతా దేశంలో దాదాపు ఏ రైలైనా ఎక్కొచ్చు, గోర్నర్‌గ్రాట్ మాత్రం దాంట్లో రాదు. అంటే గుట్ట మబ్బులో ఉందని విస్ప్‌లో తెలిసినా మునిగిపోయింది ఏమీ లేదు. జెర్మాట్ బండి వదిలేసి అదే పాస్‌తో మాంత్రూ వైపు పోయే బండి ఎక్కండి, గంటన్నరలో సరస్సు ఒడ్డున ఉంటారు, పక్కనే షియోన్ కోట. మా అన్నావదినలు వచ్చినప్పుడు మేము అట్లాగే దారి మార్చాం, పైన మబ్బు, కింద సరస్సు దగ్గర ఎండ కొడుతోంది. ఒకవేళ ఉన్నన్ని రోజులూ బాగా తిరిగేటట్టయితే హాఫ్ ఫేర్ కార్డు లెక్క వేసుకో, దాంతో గోర్నర్‌గ్రాట్ కూడా సగానికే వస్తుంది.

విస్ప్ రాబోతుందనగా 34 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం వస్తుంది, 2007లో తెరిచారు. పోయినప్పుడల్లా మన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం గుర్తొస్తుంది, మనసు అదోలా అవుతుంది. సరే ఆ మాట వదిలేద్దాం.

తిండికి హోటల్ నమ్ముకోవద్దు. సద్ది కట్టుకో, పులిహోర అయితే సాయంత్రం దాకా ఆగుతుంది. రైల్లో తింటే ఎవరూ ఏమనరు. జెర్మాట్ స్టేషన్ ఎదురుగానే సూపర్ మార్కెట్ ఉంది, పెరుగు, పండ్లు, బ్రెడ్డు దొరుకుతాయి. నీళ్ల సీసాలు కొనకండి, బజార్లో తొట్లలోకి పారే నీళ్లే తాగుతారు. అమ్మకు వేడిగా కావాలంటే రోష్టీ చెప్పండి, తురిమిన ఆలుగడ్డతో మందంగా కాల్చిన అట్టు, అందులో పంది మాంసం ముక్కలు వేయొద్దని ముందే చెప్పాలి.

ముసి_వంతెన

ఒక్క గంట మిగిలితే చర్చి దగ్గర భూమి కింద మ్యూజియం ఉంది, వదలొద్దు. 1865 జూలై 14న మొదటిసారి ఏడుగురు ఆ గుట్ట ఎక్కారు, దిగేటప్పుడు తాడు తెగి నలుగురు పోయారు. ఆ తెగిన తాడు ముక్క అద్దాల పెట్టెలో ఉంది. మా ఊర్లో బర్రెను కట్టేసే పలుపు కూడా దానికంటే మందం ఉంటుంది, దాన్ని నమ్ముకొని అంత ఎత్తు ఎట్లా ఎక్కారో! పాత వీధిలో చెక్క గాదెలు కూడా చూడండి, కాళ్ల మీద నిలబెట్టి, ఒక్కో కాలి మీద గుండ్రటి బండ పెట్టారు, ఎలుకలు ఎక్కకుండా.

నీలగిరి_అక్క

పోయి వచ్చాం! ముందుగా అందరికీ దండాలు.

పాస్ ముందే కొన్నాం, పై టికెట్ కొనలేదు. పొద్దున అయిదున్నరకు కెమెరాలో గుట్ట నడుం దాకా మబ్బు, తమ్ముడు కోటకు పోదాం అన్నాడు, నాన్న మొహం చూసి మాటర్‌హార్న్‌కే ఓటేశా. ఊర్లో దిగాక కూడా మబ్బే. తాడు, గాదెలు, అన్నీ చూసుకుంటూ తిరిగాం, నాన్న ఆ గుండ్రటి బండ కింద చేయి పెట్టి తడిమి చూశాడు, "మన గాదెలకు ఇట్ల పెట్టుకోక మస్తు వడ్లు ఎలుకల పాలాయె" అన్నాడు. పదకొండున్నరకు మబ్బు పలచబడుతుంటే పరిగెత్తి టికెట్లు తీసుకున్నాం. రోటెన్‌బోడెన్ స్టేషన్ దాటుతుండగా మొత్తం విడిపోయింది. నాన్న కిటికీకి మొహం ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తిరిగి తమ్ముణ్ణి అడిగాడు, "దీనికి మెట్లు లేవా?" యాదగిరిగుట్ట లెక్కలో ఉన్నాడు ఆయన.

పైన మెల్లగా నడిపించాం, కొంచెం ఆయాసం, ఇరవై నిమిషాలు కూర్చుంటే తగ్గింది. వచ్చేటప్పుడు రోటెన్‌బోడెన్‌లో దిగి, పది నిమిషాలు కిందికి నడిస్తే రిఫెల్‌సే అనే చిన్న మడుగు, గాలి లేకపోతే గుట్ట తలకిందులుగా కనబడుతుందట. మాకు గాలి కొట్టింది, సగమే కనబడింది. అక్కడే పులిహోర తిన్నాం. మళ్లీ స్టేషన్‌కు ఎక్కడమే అమ్మ మోకాళ్లకు కష్టమైంది, పెద్దవాళ్లున్నోళ్లు ఆలోచించుకొని దిగండి.

ఒకటే గొడవ. స్టేషన్ ఎదుటి షాపులో నాన్న అదే చాక్లెట్ తీసుకున్నాడు, డబ్బా తిప్పి తిప్పి చూసి "ఇది వేరే గుట్ట" అన్నాడు. నిజమే, వేరేలా ఉంది.

పాలమూరు_పిల్ల

నాన్న కండ్లు గట్టివి అక్కా! ఆ టోబ్లరోన్ చాక్లెట్ తయారీలో కొంత స్లొవేకియాకు మార్చారు, అట్లా మార్చితే ఇక్కడి దేశ గుర్తులు డబ్బా మీద వేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 2023లో మాటర్‌హార్న్ తీసేస్తామన్నారు, దాని బదులు ఏదో ఒక మామూలు గుట్ట బొమ్మ వేస్తున్నారు.

నీలగిరి_అక్క

నాన్నకు చదివి వినిపించాను. ఇంట్లో రెండు పాత డబ్బాలు ఉన్నాయి, ఒకదాంట్లో అమ్మ సూదీదారం పెట్టుకుంటుంది. అది ఖాళీ చేయించి బీరువాలో పెట్టాడు.