స్టాఫ్ సిస్టమ్‌లకు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్: చెప్పి పెట్టాలా, చెప్పకుండనా?

నక్కలగుట్ట ట్యాక్స్
హన్మకొండల చిన్న జీఎస్టీ, అకౌంట్స్ ఆఫీసు మాది. ఎనిమిది డెస్క్‌టాప్‌లు, అన్నిట్ల విండోస్ 11. ఐదింట్ల ప్రో, మూడింట్ల హోమ్. స్టాఫ్ నెట్‌ల ఏం చూస్తున్నరో తెల్వాలె. క్రోమ్ హిస్టరీ తెరిస్తే ఖాళీ ఉంటది. నిమిషానికో స్క్రీన్‌షాట్ తీసి, టైప్ చేసిందంత రికార్డు చేసి, ఐకాన్ కూడా కనపడకుండ నడిచేది కావాలె. ఒకరు టెరామైండ్ అన్నరు, ఇంకొకరు యాక్టివ్‌ట్రాక్ అన్నరు. వాడినోళ్ళు చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్
దీనికి సాఫ్ట్‌వేర్ కొనుడెందుకన్నా? పాత సిస్టమ్ ఒకటి మూలకు పడి ఉంటే లినక్స్ ఎక్కించి పై-హోల్ పెట్టు, సైటు పేరును అడ్రస్‌గ మార్చే డీఎన్‌ఎస్ పని అదే చేసి లిస్టు రాసుకుంటది. రూటర్‌ల డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీ అడ్రస్‌లు పంచేది) సెట్టింగ్‌కు పోయి డీఎన్‌ఎస్ కాడ దాని అడ్రస్ ఇయ్యి. ఎనిమిది సిస్టమ్‌లకు ఎనిమిది ఐపీలు రిజర్వ్ చెయ్యి, లేకపోతే రేపు ఏ ఐపీ ఎవరిదో తెల్వది. ఏ సిస్టమ్ ఏ సైటు అడిగిందో టైముతో సహా లిస్టు వస్తది. ఇన్‌కాగ్నిటోల తెరిచినా తప్పించుకోలేరు, అది దాచేది సిస్టమ్‌ల హిస్టరీనే. రెండు పనులు మాత్రం మర్వకు. క్రోమ్‌ల సెక్యూర్ డీఎన్‌ఎస్ (అడిగిన సైటు పేరు దాచి పంపేది) ఆపాలె, పై-హోల్ తప్ప వేరే ఏదీ పోర్ట్ 53 (డీఎన్‌ఎస్ పోయే దారి) మీద బయటికి పోకుండ రూటర్‌ల అడ్డం పెట్టాలె.

వడ్డేపల్లి
పై-హోల్‌లో కనబడేది డొమైన్ పేరు ఒక్కటే. యూట్యూబ్ తెరిచారని తెలుస్తుంది. అందులో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ మీద క్లాసు విన్నారో, పాటలు విన్నారో తెలియదు, హెచ్‌టీటీపీఎస్ లోపలిది రూటర్‌కి అందదు. వాట్సాప్ వెబ్ కూడా అంతే, తెరిచినట్టు తెలుస్తుంది, ఏ ఫైలు పంపారో తెలియదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారితే ఆ పేరు కూడా రాదు.

కాజీపేట జంక్షన్
డెస్క్‌టాప్ అన్నడు కదా. ల్యాన్ వైరు ఉంచి వైఫై కార్డు పీకెయ్యాలె. యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్‌తోని వాడుడు) అంటరేమో, డివైస్ ఇన్‌స్టలేషన్ పాలసీతోని కొత్త నెట్‌వర్క్ అడాప్టర్ ఎక్కకుండ ఆపొచ్చు. హాట్‌స్పాట్ మాట ఇంక తేకుండ్రి.

జమ్మికుంట
అడిగింది సాఫ్ట్‌వేర్ పేరు. మీరు రూటర్ విప్పి బల్ల మీద పెట్టిండ్రు.

పాకాల
పేర్లు ఆయన దగ్గర ఉన్నాయి. యాక్టివ్‌ట్రాక్ ఏ అక్షరం నొక్కారన్నది రికార్డు చేయదు, టెరామైండ్ చేస్తుంది. తేడా అక్కడే ఉంది, సార్ అడిగింది టెరామైండ్ చేసేదే.

జీఎస్టీ ఆఫీసులో రోజంతా టైప్ చేసేది ఏంటి? క్లయింట్ల పోర్టల్ యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, పాన్ నంబర్లు. అదంతా ఒక్క ఫైలులోకి చేరుతుంది. క్లౌడ్ ప్లాన్ తీసుకుంటే ఆ ఫైలు మీ దగ్గర ఉండదు, అమ్మిన కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఎంస్పై అని ఫోన్ల మీద నిఘా పెట్టే యాప్ ఉంది కదా, దాని డేటా 2015లో ఒకసారి, 2018లో ఒకసారి, 2024లో మళ్ళీ బయటపడింది. ఇక కనపడకుండా నడిచేవాటిని చాలాసార్లు విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండరే పట్టేస్తుంది. అప్పుడు అమ్మినవాళ్ళు ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టమంటారు. పెట్టాక అందులోకి ఇంకేం దూరినా డిఫెండర్ అటు చూడదు.

స్క్రీన్‌షాట్ల లెక్క కూడా చూడండి. నిమిషానికొకటి, ఎనిమిది గంటలకు 480. ఎనిమిది సిస్టమ్‌లకు రోజుకు 3,840. ఒక్కోటి 200 కేబీ అనుకున్నా రోజుకు 768 ఎంబీ, 26 పనిదినాలకు 20 జీబీ. ఎవరు కూర్చొని చూస్తారు?

నక్కలగుట్ట ట్యాక్స్
నేను చూస్త. సిస్టమ్ నాది, నెట్ నాది, జీతం నేనిస్తున్న. నా ఆఫీసుల ఏం జరుగుతున్నదో నాకు తెల్వొద్దా? అనుమానం వచ్చిన రోజుది తీసి చూస్త, అన్నీ ఎందుకు చూస్త?

పాకాల
అనుమానం వచ్చిన రోజుదే చూస్తారు సార్, నమ్ముతాను. కానీ సాఫ్ట్‌వేర్ నెలాఖరుకు ఒక రిపోర్టు ఇస్తుంది, దాంట్లో ఐడిల్ టైమ్ అని ఒక కాలమ్ ఉంటుంది. మౌస్, కీబోర్డు కొన్ని నిమిషాలు కదలకపోతే ఐడిల్ అని పడుతుంది. కొనుగోలు బిల్లుల కట్ట ముందేసుకొని జీఎస్‌టీఆర్-2బీ (అమ్మినవాళ్ళు పోర్టల్‌లో చూపిన బిల్లుల జాబితా) ప్రింటుతో ఒక్కొక్కటి టిక్ కొట్టేవాళ్ళు ఐడిల్. క్లయింట్‌తో ఫోన్‌లో అరగంట మాట్లాడినవాళ్ళు ఐడిల్. ఊరికే స్క్రోల్ చేసేవాళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు. మౌస్‌ని దానంతటదే కదిలించే బిళ్ళలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, అవి కొనుక్కున్నవాళ్ళకు నూటికి నూరు. ఈ ఊర్లోనే ఒక ఆఫీసు ఐడిల్ నిమిషాలు కలిపి మా జీతాలు కోసింది. 20వ తారీఖు 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) కోసం రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్నది మాత్రం ఏ కాలమ్‌లోనూ లేదు.

నక్కలగుట్ట ట్యాక్స్
జీతం కోస్తనని నేనన్ననా?

పాకాల
మొదట ఎవరూ అనరు.

కాజీపేట జంక్షన్
ఈ పంచాయితీ అంత లేకుండ పోతుండె నా మాట ఇంటే. డీఎన్‌ఎస్ లాగ్‌ల పాస్‌వర్డ్ ఉండది, ఐడిల్ ఉండది.

వడ్డేపల్లి
చట్టం సంగతి ఒకసారి చూద్దాం. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సెక్షన్ 7లో ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా కాపాడుకోవడానికి ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని డేటా వాడుకునే వీలుంది, ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వచ్చేది. వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా చూసుకోవడం కూడా అందులో ఉంది. అంటే నక్కలగుట్ట గారి వాదనకు కొంత బలం ఉంది. ఇంకో పక్క, ఐటీ చట్టం 43ఏ కింద 2011లో వచ్చిన రూల్స్‌లో పాస్‌వర్డ్, ఆర్థిక సమాచారం రెండూ సున్నితమైన డేటా. సొంత పేరు మీద నడిచే ప్రొప్రయిటర్ ఆఫీసు కూడా 43ఏ పరిధిలోకి వస్తుంది. స్టాఫ్‌లో ఒకరు భోజన విరామంలో తన బ్యాంకు అకౌంట్ తెరిస్తే ఆ పాస్‌వర్డ్ మీ ఫైలులో పడుతుంది. అది బయటపడి ఆమెకు నష్టం జరిగితే పరిహారం అడగాల్సింది మిమ్మల్నే. అందుకని కీలాగర్ (టైప్ చేసిందంతా రికార్డు చేసేది) వదిలేయండి. మిగతాది అపాయింట్‌మెంట్ కాగితంలో రాసి సంతకం తీసుకొని పెట్టండి.

నక్కలగుట్ట ట్యాక్స్
సంతకం తీసుకొని పెడితే దొంగ దొరుకుతడా సార్? కెమెరా పెట్టినమని బోర్డు కడితే దొంగతనం చేసేటోడు పక్క సందుల నుంచి వస్తడు. అసలు సంగతి చెప్పాల్నా? ముగ్గురు పెద్ద క్లయింట్లు పోయిండ్రు. వాళ్ళ టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) డేటా, మేం ఎంట్రీ చేసిన నరేషన్‌లతో సహా, వేరే ఆఫీసుల తెరుచుకున్నది. లోపలి మనిషి ఇయ్యకుండ ఎట్ల పోయింది? యూట్యూబ్ ఎవరు చూసిండ్రని కాదు నా బాధ.

జమ్మికుంట
గది ముందే చెప్పాలె కదా అన్నా!

పాకాల
ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ బుక్స్ ఎవరివి? క్లయింట్‌వి. ఆయన వచ్చి నా డేటా బ్యాకప్ ఇవ్వమంటే సీట్లో ఉన్న అమ్మాయి ఇస్తుంది, ఇవ్వాలి కూడా. దాన్ని దొంగతనం అంటున్నారు. క్లయింట్ ఎందుకు పోయాడన్నది స్క్రీన్‌షాట్‌లో కనబడదు.

నక్కలగుట్ట ట్యాక్స్
మీరు ప్రతిదాంట్ల స్టాఫ్ దిక్కే. బ్యాకప్ అడిగితే నాకు చెప్పి ఇయ్యాలె కదా.

పాకాల
ఆ నియమం వాళ్ళకు చెప్పారా?

వడ్డేపల్లి
ఇద్దరూ కాస్త ఆగండి. ఇచ్చారో ఎత్తుకుపోయారో తర్వాత తేలుతుంది. టాలీ డేటా ఫోల్డర్‌లో కంపెనీ నంబరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. సెక్యూరిటీ పెట్టకపోతే దాన్ని కాపీ చేసుకుంటే చాలు, ఇంకో టాలీలో తెరుచుకుంటుంది. ఇంటర్నెట్‌తో పనే లేదు, కాబట్టి ఇంతసేపు ఇక్కడ చెప్పుకున్న సాఫ్ట్‌వేర్‌లలో నెట్ వాడకం చూసేవి ఏవీ దాన్ని పట్టవు.

చేయాల్సింది ఇది. ముందు ప్రతి కంపెనీకి టాలీవాల్ట్ పెట్టండి, డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే టాలీ వాళ్ళు కూడా తీసి ఇవ్వలేరు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. తర్వాత స్టాఫ్‌కి వేర్వేరు యూజర్లు, అందరికీ అడ్మిన్ ఇవ్వకండి, బ్యాకప్ హక్కు ఒకరికే ఉంచండి. విండోస్‌లో కూడా స్టాఫ్ స్టాండర్డ్ యూజర్‌గానే ఉండాలి, లేకపోతే కింద చెప్పేవన్నీ వాళ్ళే వెనక్కి తిప్పేస్తారు. డేటా ఫోల్డర్ అందరికీ షేర్ చేసి ఉంటే టాలీ లోపల ఎన్ని హక్కులు తీసేసినా లాభం లేదు, ఎక్స్‌ప్లోరర్‌లోంచి కాపీ అవుతుంది. టాలీప్రైమ్ సర్వర్ పెడితే ఆ షేర్ అక్కర్లేదు, ఖర్చు మాత్రం ఉంది.

ఎవరు తీశారో తెలియాలంటే ప్రో ఉన్న సిస్టమ్‌లో ఆబ్జెక్ట్ యాక్సెస్ ఆడిట్ (ఏ ఫైలు ఎవరు తెరిచారో నమోదు చేసేది) ఆన్ చేసి, ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఆడిటింగ్ జత చేయండి. రెండూ చేయకపోతే ఏమీ నమోదు కాదు. ఈవెంట్ వ్యూయర్‌లో 4663 నంబరుతో వస్తాయి. టాలీ తనే ఆ ఫైళ్ళు తెరుస్తూ ఉంటుంది కాబట్టి వేలల్లో వస్తాయి. ప్రాసెస్ పేరు టాలీ కాకుండా ఎక్స్‌ప్లోరర్ ఉన్నవి ఏరుకోండి. సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీయే, ఒకట్రెండు రోజుల్లో పాతవి చెరిగిపోతాయి. ఒక జీబీకి పెంచండి.

కాజీపేట జంక్షన్
పెన్‌డ్రైవ్ సంగతి నేను చెప్త. రిజిస్ట్రీల (విండోస్ సెట్టింగ్‌లు ఉండే చోటు) సర్వీసెస్ కింద యూఎస్‌బీస్టోర్ అని ఉంటది, దాంట్ల స్టార్ట్ విలువ 3 ఉంటది, 4 చెయ్యి. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తు పట్టది. ఫోన్‌ను కేబుల్‌తోని కలిపితే మాత్రం ఇది ఆపది, ఫోన్ వచ్చేది వేరే దారి. ప్రోల అయితే గ్రూప్ పాలసీల రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ కాడ అన్ని రకాలూ డినై చేసే లైను ఒకటి ఉంటది, అది ఫోన్‌ను కూడా ఆపుతది.

నక్కలగుట్ట ట్యాక్స్
ఇది పనికొచ్చే మాట. మరి డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్లు బందయితయా? ప్రొద్దున లేస్తే వాటితోనే పని.

కాజీపేట జంక్షన్
కావు. టోకెన్ స్మార్ట్‌కార్డు లెక్క పనిచేస్తది, స్టోరేజ్ కాదు. కాకపోతే కొన్ని టోకెన్లు పెట్టంగనే సీడీ డ్రైవ్ లెక్క కనపడి డ్రైవర్ ఎక్కించుమంటయి. ఆ సీడీ కనపడుడు ఆగిపోతది. అందుకే ముందు అన్ని సిస్టమ్‌లల్ల డ్రైవర్ ఎక్కించి, సంతకం అయితున్నదా చూసుకొని, అటెన్క 4 చెయ్యి.

పాకాల
స్క్రీన్‌షాట్ల సంగతి స్టాఫ్‌కి చెప్తున్నారా లేదా అన్నది ఇంకా చెప్పలేదు సార్.

నక్కలగుట్ట ట్యాక్స్
హోమ్ ఉన్న మూడింటికి గ్రూప్ పాలసీ లేదు కదా, వాటికెట్ల?

కాజీపేట జంక్షన్
రిజిస్ట్రీ హోమ్‌ల కూడా పనిచేస్తది. ఫోన్ కేబుల్ మాత్రం ఆగది. ఆ మూడింటికి టాలీ డేటా పోకుండ షేర్ తీసేయి, లేదంటే ప్రోకు మార్చు.