ఒక్కసారి వేసి దాచేసిన సెసమీ స్ట్రీట్ ఎపిసోడ్ బయటికి రావడం మంచిదేనా?

పాతటీవీ_పిచ్చి:
సెసమీ స్ట్రీట్ అంటే అమెరికాలో చిన్నపిల్లల కోసం తీసే బొమ్మల టీవీ షో. 1976 ఫిబ్రవరి 10న వేసిన దాని 847వ ఎపిసోడ్ సంగతి ఇది. 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' (1939)లో మంత్రగత్తెగా చేసిన మార్గరెట్ హామిల్టన్ అదే వేషంలో బొమ్మల వీధిలోకి వచ్చింది. పిల్లలు జడుసుకుంటున్నారని తల్లిదండ్రులు ఉత్తరాలు రాయడంతో దాన్ని మళ్ళీ వేయలేదు. 2022 జూన్‌లో మొత్తం ఎపిసోడ్ యూట్యూబ్‌లో తేలింది.

నేను చూశాను. ఆవిడ చీపురు ఆ వీధిలో ఉండే డేవిడ్ చేతికి చిక్కుతుంది. మర్యాదగా అడిగితేనే ఇస్తానంటాడు. ఆవిడ అడిగితేగా! నిన్ను బాస్కెట్‌బాల్ చేసేస్తానని బెదిరిస్తుంది, ఆ వీధిలోని హూపర్ కొట్లో వాన కురిపిస్తుంది. చందమామలో చెట్టుకు వేలాడే శవాన్ని చూస్తూ పెరిగిన మనకి ఇదొక లెక్కా? దాచడమే తప్పు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
మీరు ఏ వయసులో చూశారండీ? ఆ షో చేసింది ఇంకా బడికి వెళ్ళే వయసు రాని పిల్లల కోసం. బేతాళ కథ చెప్పే అమ్మమ్మ పిల్ల మొహం చూసి మధ్యలో ఆపేది. టీవీ ఆగదు.

పైగా పిల్లలకు చూపించి, వాళ్ళ స్పందన గమనించడం ఆ షో వాళ్ళ పద్ధతి. షోలోని స్నఫీ అనే బొమ్మ అమ్మానాన్నలు విడిపోయే ఎపిసోడ్ 1992లో తీశారు. చూపించిన పిల్లలు బెంగపడ్డారని అసలు ప్రసారమే చేయలేదు. ఖర్చయిన డబ్బు పోయినా సరే అనుకున్నారు. దీన్ని పిరికితనం అంటారా?

నిజామాబాద్_కుర్రోడు:
పరిశోధన చేసేవాళ్ళకి ఆర్కైవ్ ఉండాలి, అది వేరే మాట. యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించేస్తే దాన్ని భద్రపరచడం అనలేం. ఏ రోజైనా తీసేయొచ్చు.

పాతటీవీ_పిచ్చి:
తీసేస్తారనే కదా నా గోల! షో తయారుచేసినవాళ్ళే అధికారికంగా పెట్టాలి. దారి కూడా ఉంది. 1975లో ఇదే హామిల్టన్ మిస్టర్ రోజర్స్ అనే ఇంకో పిల్లల షోకి మామూలు బట్టల్లో వచ్చి, ఆ వేషం ఒక్కొక్కటీ పిల్లల ఎదుటే తొడుక్కుంది, ఇదంతా నటనేనని చెప్పింది. సినిమాల్లోకి రాకముందు ఆవిడ చిన్నపిల్లల టీచర్ మరి! ఆ ముక్క ముందు చూపించి తర్వాత ఇది వేస్తే ఎవరూ జడుసుకోరు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
అలా పెడితే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇప్పుడున్నది అలా లేదుగా. షోలోని పెద్ద పక్షి బొమ్మ బిగ్ బర్డ్ పాట అయిపోగానే ఆటోప్లేలో ఇదే వస్తే? ఆ టైంకి నేను వంటింట్లో ఉంటాను.