గంజి అని కొడితే గంజా అయింది: చెక్కింగులో ఫోన్ చూపించి తీరాలా?

ఇస్త్రీబడ్డీ:

అందరికీ నమస్కారం. నాది హైదరాబాదులో చిన్న ఇస్త్రీ షాపు. మాది విజయనగరం వైపు, ఇక్కడికొచ్చి పదహారేళ్లయింది. మొన్న శనివారం రాత్రి పదిన్నరకి ఇవ్వాల్సిన బట్టలు మూటగట్టుకుని బండి మీద వెళ్తుంటే మలుపులో ఆపారు. గంజాయి చెక్కింగు అన్నారు. మూట విప్పారు, సీటు కింద చూశారు, జేబులు తడిమారు. అక్కడిదాకా నాకే బాధా లేదు.

తర్వాత ఒక కుర్ర కానిస్టేబుల్ "ఫోను లాక్ తీసి ఇయ్" అన్నాడు. ఇచ్చేశాను. వాట్సాప్ తెరిచి వెతికే గడిలో జి, ఏ, ఎన్, జె అని కొట్టాడు. ఇంకా ఆఖరి అక్షరం కొట్టనేలేదు, వరసపెట్టి మెసేజీలు దిగాయి.

అన్నీ గంజివే. నాది కాటన్ చీరల పని. "మంగళగిరి చీరకు గంజి పల్చగా", "వెంకటగిరికి గంజి వద్దు, ఉత్త ఇస్త్రీ". ఇప్పటికీ అన్నం గంజి వార్చి, పాత పంచెలో వడగట్టి పెడతాను. తెల్ల బట్టలకైతే సగ్గుబియ్యం గంజి. దానికోసమే దూరం నుంచి వచ్చేవాళ్లున్నారు. ఇదంతా ఆ అబ్బాయికి చెప్పబోయాను. ఈలోగా ఒక రిటైరైన టీచరమ్మ మెసేజ్ దొరికింది. అందరిలాగే ఆవిడా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడుతుంది. ఫోను తనకు తోచినట్టు దిద్దేస్తుంది. "రెండు చీరలకి గంజా దట్టంగా పెట్టు బాబూ, గురువారం పెళ్లి." అతను పైకి చదివాడు. పక్కన ఆపిన బండ్లవాళ్లంతా నావైపు చూశారు.

నలభై నిమిషాలు నిలబెట్టారు. ఎస్సై వచ్చి, ఒక చీర మడత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నవ్వి పంపించేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నలభై నిమిషాల్లో ఆ అబ్బాయి మా ఆవిడ స్కానింగ్ రిపోర్టు చూశాడు, చిట్టీ డబ్బుల మీద మా బావమరిదితో తగువు కూడా చదివాడు.

ఒక్క మాట. నేను రైడ్లకు వ్యతిరేకం కాదు. మా షాపు వెనక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సాయంత్రమైతే కుర్రాళ్లు చేరతారు, ఆ పొగ నా ఉతికిన బట్టలకు పడుతుంది. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. నాకూ భయముంది. నేనడిగేది ఒక్కటే, ఫోను చూపించనంటే ఏమవుతుంది?

కోర్టుపక్షి:

అన్నా, నేను చిన్న కోర్టుల్లో ఈ కేసులే చూస్తుంటాను. మీలాంటి గొడవ కొత్తదేం కాదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ పాతబస్తీ వైపు ఇలాగే బండ్లు ఆపి, చాట్లలో గంజా అని వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. పెద్ద చర్చే నడిచింది. మేమెవరినీ బలవంతం చేయడంలేదు, జనమే సహకరిస్తున్నారని అధికారులు అన్నారు. మీరూ అలాగే సహకరించారన్నమాట!

ఎన్డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం, 1985 నాటిది. అందులో 42, 43 సెక్షన్లు సోదా చేసే అధికారం ఇస్తాయి, కానీ నమ్మడానికి ఒక కారణం ఉండాలంటాయి. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇస్తుంది. దారిన పోయేవాళ్లందరి చాట్లూ వరసగా చదవొచ్చని మాత్రం ఇందులో ఎక్కడా లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో చెప్పింది కూడా. కాబట్టి వద్దనొచ్చు. కాకపోతే రాత్రి పదిన్నరకి నడిరోడ్డు మీద ఆ హక్కు ఎంత నిలబడుతుందో మీకే బాగా తెలుసు. మర్యాదగా అడగండి: "ఏ అనుమానం మీద సార్? కేసేమైనా రాస్తున్నారా?" ఆ అడిగిన సంగతి, టైము, చోటు ఇంటికెళ్లగానే కాగితం మీద పెట్టుకోండి.

పాతలాఠీ:

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు డ్యూటీ చేసి దిగినవాణ్ణి, కొంతకాలం నర్సీపట్నం రూట్లో. నీకు జరిగింది తప్పే, ఒప్పుకుంటాను. కానీ మా వైపు నుంచి కూడా చూడు. ఘాట్ దిగే లారీలో పైన గుమ్మడికాయలుంటే కింద ఏముందో ఎట్లా తెలుస్తుంది? టైర్ల మీద మన్ను చూడాలి, డ్రైవరు నీళ్లు తాగే తీరు చూడాలి. వాసన తెలీకుండా కారం చల్లుతారు, కలరా ఉండలు వేస్తారు. ఒకసారి వ్యాను అడుగున రేకు మీద కొట్టి చూస్తే చప్పుడు మారింది. ఆ చప్పుడుతోనే కేసు దొరికింది. అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఫోన్లో నాలుగక్షరాలు కొట్టడానికి నిమిషం చాలు. పైనుంచి రోజూ "ఎన్ని?" అని అడుగుతుంటే కుర్రాడు ఏది తేలికైతే అదే చేస్తాడు.

కొండదారి:

నేను అల్లూరి జిల్లాలో టీచర్ని. ఇక్కడ చర్చంతా సిటీ చెక్కింగు గురించే సాగుతోంది, సరుకు మోసేవాడి సంగతి ఎవరికీ పట్టదు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు మా వైపు గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు, టీవీలో మీరూ చూసే ఉంటారు. కాఫీ, మిరియం, రాజ్మా వేసుకోమన్నారు. మంచిదే. అయితే కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ లోపల తినేదేమిటి? ఇప్పుడు సరుకు ఎక్కువగా ఒడిశా హద్దు అవతల నుంచి వస్తోందని పోలీసులే అంటున్నారు. మోసేది మాత్రం మా కుర్రాళ్లే.

నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లాడొకడు రెండు బ్యాగులతో బస్సెక్కాడు. ఇరవై కేజీలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపారపు మొత్తం కింద లెక్క, పదేళ్లకు తక్కువ పడదు, బెయిలూ కష్టం. ఎక్కించినవాడికి అది తెలుసు, అందుకే పద్దెనిమిది అని చెప్పాడట. తూకంలో ఇరవై ఒకటి తేలింది. వాడికి తెలుగు రాయడం నేర్పింది నేనే. ఇప్పుడు జైలు నుంచి ఉత్తరాలు రాస్తున్నాడు. బ్యాగులిచ్చినవాడి పేరు కూడా వాడికి తెలీదు.

ఒకఅమ్మ:

టీచర్‌గారూ, మీ మాట చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మావాడు కొనే వైపు. ఇంజినీరింగ్ రెండో ఏడాది. బ్యాగులో కళ్లల్లో వేసుకునే చుక్కల మందు సీసా కనబడితే కంప్యూటర్ చూసి చూసి కళ్లు మండుతున్నాయేమో అనుకున్నాను. చుట్టుకునే పేపర్లు కనబడితే ఏదో ప్రాజెక్టు అన్నాడు, నమ్మాను. రూము మీద రైడ్ జరిగింది. దొరికింది కొంచెమే. అమ్మినవాడు దొరకలేదు.

లాయరుగారు చెప్పని సెక్షన్ ఒకటుంది, 64ఎ. కొద్ది మొత్తంతోనో, తాగినందుకో కేసైనవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళితే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. అది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అదీ ఆస్పత్రి వరండాలో పక్క కుర్చీ ఆవిడ చెబితే. పిల్లలున్నవాళ్లు మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు రాసిపెట్టుకోండి. మావాడు ఇప్పుడు మానేశాడు, ఎనిమిది నెలలు. కేసు మాత్రం నడుస్తోంది, పాస్‌పోర్టు ఆగిపోయింది. ఆ రైడ్ జరగకపోతే మానేవాడా? రోజుకో జవాబు వస్తోంది నాకు.

కోర్టుపక్షి:

నిజమేనమ్మా, మర్చిపోయాను. ఆ సెక్షన్ అడిగే క్లయింటే రాడు మా దగ్గరికి. ఈ చట్టంలో చిత్రమేమిటంటే పూత, కాయ ఉన్న కొమ్మనే గంజాయి అంటారు. పూత లేకుండా ఉత్త ఆకు, గింజ ఉంటే దాని కిందికి రావు. కాబట్టి తూకం వేసేటప్పుడు ఆకు, కాండం అన్నీ కలిపి వేశారా అని కోర్టులో గంటలు గంటలు వాదిస్తాం. ఆ పద్దెనిమిది, ఇరవై ఒకటి కేసులో పంచనామా కాగితాలు ఒకసారి చూపించండి టీచర్‌గారూ, విడిగా మెసేజ్ పెట్టండి.

ఇస్త్రీబడ్డీ:

అందరికీ దండాలు. పాతలాఠీ అన్నగారూ, ఆ చప్పుడు మాట నాకు బాగా తెలుసు, బొగ్గుల పెట్టె బట్ట మీద పెట్టగానే వచ్చే చప్పుడుని బట్టి తడి ఎంతుందో చెప్పగలను.

అమ్మా, మీరు రాసింది రాత్రి మావాడికి చూపించాను. వాడేం మాట్లాడలేదు గానీ పొద్దున లేచి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చేరేవాళ్లలో ఇద్దరు వాళ్ల కాలేజీ వాళ్లేనని చెప్పాడు. నిన్నటిదాకా ఎవరో తెలీదన్నాడు.

టీచరమ్మకి జరిగింది చెబితే ముందు నవ్వింది, తర్వాత కళ్లజోడు తీసేసి స్టేషన్‌కి నేనొచ్చి చెప్తాను పద అంది. వద్దన్నాను. ఇప్పుడు మెసేజ్ పెట్టడం మానేసింది. నిన్న నాలుగు చీరలు పంపింది, పైన పిన్నుతో చీటీ గుచ్చి. గుండ్రటి అక్షరాలు, కింద సంతకం, తేదీ కూడా: "గంజి. బియ్యం గంజి."