ఖార్దుంగ్ లా: ఎక్కడం సరే, వెనక మనిషితో దిగడం ఎలా?

గుంటూరు రైడర్:

అందరికీ నమస్కారం. ఆగస్టు చివర్లో నేను, మా ఆవిడ విమానంలో లదాఖ్‌లోని లే ఊరికి వెళ్తున్నాం. అక్కడే బండి అద్దెకు తీసుకుని ఖార్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయకి దిగి, ఒక రాత్రి ఉండి, ష్యోక్ నది దారిన పాంగాంగ్ సరస్సు చూసుకుని మళ్లీ లే చేరాలని ప్లాన్. సెలవులు తక్కువ, అందుకని లేలో దిగిన మర్నాడు పొద్దున్నే బయల్దేరిపోదామనుకుంటున్నాం. నాది 150 సీసీ బండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు, తిరుమల ఘాట్ రోడ్డు బాగా అలవాటే. ఒక్కణ్ణే అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు గానీ వెనక మనిషి, రెండు బ్యాగులు, పక్కన పిట్టగోడ కూడా లేని లోయ, వీటన్నిటితో కిందికి దిగడం గురించే టెన్షన్‌గా ఉంది. వీడియోల్లో అందరూ పైన బోర్డు దగ్గర ఫొటో దిగేదాకా చూపించి ఆపేస్తున్నారు, దిగడం ఎవరూ చూపించట్లేదు. బండి అసలు లాగుతుందా? బ్రేకులు ఎలా వాడాలి? ఏ బండి తీసుకోవాలి? ఊపిరి ఆడదని అందరూ భయపెడుతున్నారు, అందులో నిజమెంత? వెళ్లొచ్చినవాళ్లు వివరంగా చెప్పండి.

దక్కన్ టూరర్ (హైదరాబాద్):

బ్రో, ముందు ఆ "మర్నాడు పొద్దున్నే" అన్నది ప్లాన్‌లోంచి తీసేయండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. లే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. గుంటూరులో లేచి అదే రోజు అక్కడ దిగుతున్నారు. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు. 18,380 అడుగులని ఏళ్ల తరబడి పైన బోర్డు పెట్టారు గానీ జీపీఎస్‌తో కొలిస్తే 17,582 అడుగులే తేలింది, అది కూడా తక్కువేం కాదు. లేలో కనీసం రెండు రాత్రులు పడుకున్నాకే బండి తాళం చేతికి తీసుకోండి. మొదటిరోజు శాంతి స్తూపం మెట్లు కూడా ఎక్కొద్దు.

బండి లాగుతుందా అంటే, లాగుతుంది, కానీ మీకు అలవాటైన పికప్ ఉండదు. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి ఇంచుమించు సగమే. ఇంజన్‌కి గాలి సగం అందితే శక్తి కూడా దాదాపు సగానికి పడిపోతుంది. 20 గుర్రాల శక్తి ఉన్న 350 సీసీ బండి అక్కడికి వెళ్లేసరికి మన ఊళ్లో 125 సీసీ బండిలా లాగుతుంది, దాని మీద ఇద్దరు మనుషులు, సామాను. సౌత్ పుల్లూ చెక్‌పోస్ట్ దాటాక మొదటి గేరు, రెండో గేరులోనే పోవాల్సి రావచ్చు. బండి ముక్కుతున్నట్టు ఉంటే కంగారుపడి క్లచ్ సగం పట్టుకుని రేజ్ చేయకండి, ప్లేట్లు కాలిపోతాయి. గేరు దించి, క్లచ్ పూర్తిగా వదిలేసి, నిదానంగా పోనివ్వండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గాలికి తగ్గట్టు పెట్రోల్ తనే తగ్గించుకుంటుంది, పాత కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. ఇద్దరు కాబట్టి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ తీసుకోవడం మంచిది, 411 అయినా 450 అయినా.

ఇక దిగడం. మీరు సరైన ప్రశ్న అడిగారు, ఎందుకంటే నా లెక్కలో కష్టం అక్కడే ఉంది. తిరుమల కొండ దిగితే సుమారు 700 మీటర్లు దిగినట్టు. ఖార్దుంగ్ లా నుంచి నుబ్రాలోని డిస్కిట్ దాకా దిగితే 2,200 మీటర్లు, అంటే మూడు తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టి దిగినట్టు. ఇంకో తేడా కూడా ఉంది. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, మలుపు తిరిగితే ఎదురుగా లారీ ఉండదు. ఇక్కడ ఉంటుంది. అందుకే మీరు ప్రాక్టీస్ చేయాలంటే తిరుమల కాదు, శ్రీశైలం ఘాట్ గానీ అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ గానీ మీ ఆవిడని, ఆ రెండు బ్యాగుల్ని ఎక్కించుకునే దిగి చూడండి.

ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, హెయిర్‌పిన్ మలుపుల్లో, రోడ్డు చెడిన చోట మొదటి గేరు. న్యూట్రల్ మాట ఎత్తకండి, క్లచ్ నొక్కి జారనివ్వడం కూడా న్యూట్రల్‌తో సమానమే. బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా కొద్దిసేపు వేసి పూర్తిగా వదిలేయాలి. వెనక బ్రేకు మీద కాలు ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగేవాళ్లు చాలామంది ఉన్నారు, డిస్క్ కాలి, లోపల ఆయిల్ మరిగి, చివరికి పెడల్ నొక్కినా మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది తప్ప బండి ఆగదు. కాలిన వాసన వచ్చినా, లివర్ మెత్తబడినా, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపేసి చల్లారేదాకా కూర్చోండి. నీళ్లు మాత్రం పోయకండి, కాలిన డిస్క్ వంకర పోతుంది.

వెనక కూర్చున్నవాళ్ల గురించి ఎవరూ చెప్పరు. దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ వాళ్లు జారి మీ వీపు మీదకి వస్తారు, ఆ బరువంతా మీ మణికట్ల మీద పడుతుంది, గంట తర్వాత హ్యాండిల్ తిప్పడానికి చేతులు రావు. మీ ఆవిడని ఒక చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకోమనండి, మోకాళ్లతో మీ నడుముని పట్టి ఉంచమనండి. మలుపులో ఆమె బయటికి వంగకూడదు, మీ భుజం మీదుగా మలుపు లోపలి వైపుకి చూస్తే చాలు, ఒళ్లు దానంతటదే సరిపోతుంది. భుజం మీద రెండుసార్లు తడితే ఆపాలి అని ముందే మాట్లాడుకోండి, ఆ గాలిలో అరిచినా వినబడదు.

విశాఖ వైద్యురాలు:

పైన చెప్పిన రెండు రాత్రుల మాటకి నా పూర్తి మద్దతు. నేను వెళ్లింది వెనక సీట్లో, కాబట్టి మీ భార్య తరఫున కూడా కొంచెం చెప్తాను.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, మొదటి రోజు వీటిలో ఏదో ఒకటి చాలామందికి ఉంటుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. తగ్గకపోతే పైకి వెళ్లకూడదు, బండి బుక్ చేసుకున్నాం, డబ్బులు కట్టేశాం అన్న లెక్కలు ఇక్కడ పనికిరావు. కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, ఆగని దగ్గు, కళ్లెలో గులాబీ రంగు కనిపించడం, ఇవి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. మాట తడబడటం, తాగినవాళ్లలా తూలడం మెదడు వాపుకి గుర్తులు. అనుమానం వస్తే మడమకి బొటనవేలు ఆనిస్తూ నేల మీద తిన్నగా ఒక గీతలా నడవమనండి. నడవలేకపోతే ఇక ఆలోచించకుండా కిందికి దించేయాలి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదకి వస్తుంది. లేలో సోనమ్ నోర్బూ ఆస్పత్రి ఉంది, ఈ కేసులు వాళ్లకి బాగా అలవాటు.

డయామాక్స్ (ఎసిటాజోలమైడ్) గురించి అందరూ అడుగుతారు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎత్తుకి వెళ్లే ముందురోజు నుంచి ఇస్తాం. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు దుకాణంలో కొని వేసుకోకూడదు, మీ డాక్టర్ని కలిసి అడగండి. ఈ మాత్రతో వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. బండి నడిపేవాళ్లకి వేళ్ల తిమ్మిరి చలి వల్లనో మాత్ర వల్లనో తెలియక కంగారు పుడుతుంది, అందుకే ముందే చెప్తున్నాను. అక్కడ ఉన్నన్ని రోజులు మద్యం తాగొద్దు, నిద్రమాత్రలు వేసుకోవద్దు.

మీ ప్లాన్‌లో ఒక మంచి విషయం ఉంది. నుబ్రాలో డిస్కిట్, హుందర్ ఊళ్లు లే కన్నా కిందే ఉన్నాయి, సుమారు 3,100 మీటర్లు. పగలు పైకెక్కి రాత్రికి కిందికి దిగి పడుకోవడం ఒంటికి మంచిదే. పైన కనుమ దగ్గర మాత్రం పదిహేను ఇరవై నిమిషాలకి మించి ఉండకండి, ఫొటోల కోసం పరుగులు పెట్టకండి. పాంగాంగ్ అలా కాదు, అక్కడ పడుకునే చోటే 4,200 మీటర్లకి పైన. కాబట్టి నుబ్రా ముందు, పాంగాంగ్ తర్వాత, ఆ వరస మార్చకండి.

గుంటూరు రైడర్:

చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ మేడమ్. మీరు రాసినవి మా ఆవిడకి చదివి వినిపించాను, రెండు రాత్రులు లేలో ఉండాల్సిందేనని తను గట్టిగా చెప్పింది. అలాగైతే పాంగాంగ్‌కి ఒక రోజు తగ్గుతుంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి లే వచ్చేయొచ్చా, లేక పాంగాంగ్ మానేయాలా? ఇంకొకటి, మనాలీలో అద్దె తక్కువని విన్నాను, అక్కణ్ణుంచి బండి తెప్పించుకుంటే?

కడప మెకానిక్:

అన్నా, మనాలీ అద్దె బండి వద్దు. బయటి ఊరి అద్దె బండ్లని నుబ్రా, పాంగాంగ్ వైపు తిప్పడానికి లేలోని అద్దె బండ్ల యూనియన్ వాళ్లు ఒప్పుకోరు, దారిలో ఆపేస్తారు. సొంత బండి అయితే ఆ గొడవ లేదు. మీరు ఎలాగూ విమానంలో దిగుతున్నారు కాబట్టి లేలోనే తీసుకోండి.

తీసుకునే ముందు రోజు సాయంత్రమే వెళ్లి బండి చూడండి, పొద్దున్నే హడావుడిలో కాదు. టార్చిలైట్ వేసి బ్రేక్ ప్యాడ్ మందం చూడండి, అరిగిపోయి ఉంటే అక్కడే మార్పించండి, "ఇంకో ట్రిప్ వస్తుంది సార్" అంటే వినొద్దు. బ్రేక్ ఆయిల్ డబ్బీలో రంగు చూడండి, టీ డికాక్షన్ రంగులో ఉంటే పాతది, నీరు పట్టిన ఆయిల్ తొందరగా మరుగుతుంది. క్లచ్ కేబుల్ లివర్ దగ్గర తీగలు తెగి ఉన్నాయేమో చూడండి, స్పేర్ కేబుల్ ఒకటి అడిగి తీసుకోండి. చైన్ లూజు, టైర్ల అరుగుదల, హారన్, హెడ్‌లైటు కూడా చూడండి. తర్వాత ఇద్దరూ ఎక్కి ఊళ్లోనే ఏదైనా దిగుడు వీధిలో ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా వేసి చూడండి. బండి మీద గీతలన్నీ ఫోన్‌లో వీడియో తీసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ ఉండదు.

సామాను వెనక క్యారియర్ మీద ఎత్తుగా కట్టకండి. బరువు అక్కడ పడితే ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిగ్గా అయిపోయి తిన్నగా పోదు. రెండు వైపులా వేలాడే బ్యాగుల్లో సమానంగా సర్దండి. అవసరం లేనివి లే హోటల్లో వదిలేయండి, వాళ్లు దాచిపెడతారు.

మిలటరీ డ్రైవర్ (రిటైర్డ్, మాధవరం):

బాబూ, ఆ దారిలో నేను మిలటరీ లారీ నడిపినవాణ్ణి. ఆ రోడ్డు వేసింది 1976లో, మామూలు బండ్లకి తెరిచింది 1988లో. దాన్ని చూసుకునేది సరిహద్దు రహదారుల సంస్థ వాళ్ల హిమాంక్ ప్రాజెక్టు. ఏడాది పొడవునా తెరిచి ఉంచాలని వాళ్లు పడే పాట్లు దగ్గరుండి చూశాను. అక్కడ పని చేసే కూలీలు రోడ్డు మీద కనిపిస్తే వేగం తగ్గించండి, దుమ్ము వాళ్ల మొహాన కొట్టకండి. మంచు తీసేది, రాళ్లు పడితే ఎత్తేది వాళ్లే.

లారీ డ్రైవర్‌గా చెప్తున్నా. ఇరుకైన కొండదారిలో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి, దిగే బండి ఆగాలి. అది మర్యాద మాత్రమే కాదు, చట్టంలో ఉన్న నియమం. లోడుతో ఎక్కే లారీ ఆగిందంటే మళ్లీ కదలడం ఎంత కష్టమో ఇందాక ఇంజన్ శక్తి గురించి రాసిన అబ్బాయి చెప్పిందే. మీరు ఆగేటప్పుడు కొండ వైపు ఆగండి. లోయ అంచున మట్టి పైకి గట్టిగానే కనిపిస్తుంది, మీ కాలు ఆనించేసరికి జారుతుంది. కాన్వాయ్ వస్తుంటే మధ్యలో దూరొద్దు, మొత్తం వెళ్లేదాకా ఉండండి, చివరి బండి దాటాక కదలండి. మూల మలుపుల దగ్గర హారన్ కొట్టండి, కొట్టి ఒక్క క్షణం చెవి పెట్టండి, అవతల నుంచి జవాబు వస్తుంది.

టైము గురించి. లే వైపు వాలుకి ఎండ బాగా పడుతుంది, కాబట్టి వెళ్లేటప్పుడు ఏడు, ఎనిమిదికి బయల్దేరితే ఇబ్బంది లేదు. కానీ మీరు దిగేది ఉత్తరం వాలు. నార్త్ పుల్లూ వైపు ఎండ ఆలస్యంగా వస్తుంది, రాత్రి కారిన నీళ్లు గడ్డకట్టి రోడ్డు మీద నల్లగా, తడిలాగే ఉంటాయి, మంచు అని తెలియదు. ఆగస్టు చివర కూడా ఉండొచ్చు. అలాంటి చోట ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బండి వంచొద్దు, మొదటి గేరులో రెండు కాళ్లూ నేలకి దగ్గరగా పెట్టుకుని దాటండి, లేదా అమ్మాయిని దిగి నడవమనండి, అందులో నామోషీ ఏమీ లేదు. మధ్యాహ్నం దాటితే ఇంకో తంటా, కరిగిన నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారతాయి, పైన వాతావరణం కూడా మారిపోతుంది. పదకొండుకల్లా పైన ఉండి, ఒంటిగంటకి ఖార్దుంగ్ ఊరు చేరిపోతే మంచిది.

దక్కన్ టూరర్:

అంకుల్ చెప్పిన ఉత్తరం వాలు సంగతి నేను రాయాల్సింది, ముఖ్యమైనదే. పాంగాంగ్ ఒక్క రోజులో వెళ్లి రావడం గురించి: కారులో చాలామంది చేస్తారు, బండి మీద ఇద్దరితో వద్దంటాను. ఆ దారిలో ఉన్న చాంగ్ లా కనుమ కూడా ఖార్దుంగ్ లా అంత ఎత్తే, ఒకే రోజు ఎక్కి దిగి, మళ్లీ సాయంత్రం అలిసిపోయి ఎక్కి దిగాలి. ఆ రోజులు నుబ్రాలోనే ఉండండి, హుందర్ ఇసుక దిబ్బలు, డిస్కిట్ మఠం, వీలైతే తుర్తుక్ ఊరు. పాంగాంగ్ ఇంకోసారి చూడొచ్చు.

గుంటూరు రైడర్:

సరే, పాంగాంగ్ మానేస్తున్నాం. లేలో రెండు రాత్రులు, నుబ్రాలో రెండు. ఈ నెలలోనే సామాను కట్టుకుని ఇద్దరం శ్రీశైలం ఘాట్ దిగి చూస్తాం. చివరిగా రెండు ప్రశ్నలు: నుబ్రాలో పెట్రోల్ దొరుకుతుందా? ఫోన్ పనిచేస్తుందా? మా ఇద్దరివీ ప్రీపెయిడ్.

కడప మెకానిక్:

డిస్కిట్‌లో బంకు ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు అన్నా, ఒక్కోసారి స్టాక్ ఉండదు. లేలో ట్యాంకు నింపుకుని బయల్దేరండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు, ఒక్కటైనా ఇక్కణ్ణుంచే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించుకుని వెళ్లండి, అది కూడా కనుమ మీద సిగ్నల్ ఇస్తుందన్న ఆశ పెట్టుకోకండి. ఎక్కడ ఉంటారో, ఎప్పటికి చేరతారో ఇంట్లోవాళ్లకి లే నుంచే చెప్పి బయల్దేరండి. చేతి తొడుగులు మందంగా ఉన్నవి తీసుకోండి, కానీ వేసుకుని బ్రేక్ లివర్ పట్టు తెలుస్తోందో లేదో కొనేటప్పుడే చూడండి.