‘జియోమీటర్’ అన్న ప్రతిచోటా ఒకే తెలుగు మాట వాడొచ్చా?

మల్లేశ్వరం పదకోశం:
బెంగళూరులో పిల్లల లెక్కల ప్రదర్శనకి తెలుగు బోర్డులు తయారవుతున్నాయి. ఇంగ్లిషు ప్రతిలో ‘జియోమీటర్’ నాలుగుచోట్ల వచ్చింది: యూక్లిడ్, ఈజిప్టులో తాడు పట్టి పొలాలు కొలిచినవాళ్లు, ఫ్రాన్సులో స్థలాలు కొలిచే ఉద్యోగి, ఒక రెక్కల పురుగు. అనువాద యాప్ నాలుగింటికీ ‘జ్యామితీయుడు’ అనే ఇచ్చింది, వినడానికి ఎబ్బెట్టుగా ఉంది. ఏం రాయాలి? ఆడవాళ్ల విషయంలో మాట మారుతుందా?

అడయారు లెక్కలు:
‘జ్యామితీయ’ విశేషణం. జ్యామితీయ పటం అంటాం, బాగుంటుంది. దానికి ‘డు’ తగిలిస్తే భారతీయుడు అన్నట్టు, జ్యామితి అనే ఊరివాడన్నట్టు వినిపిస్తుంది. యూక్లిడ్‌కి ‘జ్యామితివేత్త’ అని రాయండి. వేత్త ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. ‘రేఖాగణితజ్ఞుడు’ తప్పు కాదు గానీ ‘జ్ఞురాలు’ అని మార్చుకోవాల్సి వస్తుంది, పిల్లలకి నోరు తిరగదు.

ఇంకో సంగతి. జ్యా అంటే అల్లెతాడు కాబట్టి జ్యామితి అంటే ‘తాడు కొలత’ అని కొన్నిచోట్ల రాస్తున్నారు. కానీ అమరకోశం భూమి పేర్లలో జ్యా కూడా ఉంది. ‘జియోమెట్రీ’కి మూలమైన గ్రీకు మాటకి కూడా భూమిని కొలవడమనే అర్థం. బోర్డు మీద ఆ అర్థమే ఇవ్వండి.

చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన సి.ఎస్. శేషాద్రి (1932–2020) బోర్డు కూడా ఉంటే ‘బీజీయ జ్యామితివేత్త’ అనండి, అంటే బీజగణితంతో ఆకారాలని చదివే గణితవేత్త.

పాత పుస్తకాలు:
ఈజిప్టువాళ్లకి ‘వేత్త’ వద్దండి. గ్రీకులు వాళ్లని హార్పెడోనాప్టాయ్ అన్నారు, తాడు కట్టేవాళ్లని అర్థం. మనకి అచ్చంగా అలాంటి మాటే ఉంది: సమసూత్రనిరంఛకుడు, తాడుని సమంగా లాగి పట్టేవాడు. శుల్బం అంటేనే తాడు, ఆ విద్య తెలిసినవాడు శుల్బవిదుడు. బోర్డు మీద ‘తాడు కొలతగాళ్లు’ అని పెట్టి, కింద ఈ సంస్కృత మాట చూపిస్తే పిల్లలకి సంబంధం తెలుస్తుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనంలో కనిపించే ‘రాజుక’ అనే అధికారి పేరుని కూడా చాలామంది పండితులు రజ్జువుతోనే (అంటే తాడుతోనే) ముడిపెడతారు.

ఒక్క జాగ్రత్త. ఈజిప్టువాళ్లు 3, 4, 5 భాగాలుగా ముడులు వేసిన తాడుతో లంబకోణం వేశారని రాయకండి, ప్రత్యక్ష ఆధారం లేదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రంలో మాత్రం దీర్ఘచతురస్రం భుజాలుగా 3-4, 5-12, 8-15, 7-24 జతలు స్పష్టంగా ఉన్నాయి.

సైటు కొలత:
ఫ్రెంచిలో ‘జియోమీటర్’కి సాటి మాట గణితజ్ఞుడికీ సర్వేయరుకీ రెండింటికీ చెల్లుతుంది. ఇక్కడ హాయిగా ‘సర్వేయరు’ అనేయండి. ‘భూమాపకుడు’ అంటే ఎవరికీ వెంటనే తట్టదు.

తాడు బొమ్మ పక్కన బెంగళూరు 30×40 అడుగుల సైటు పెట్టండి. మూలమట్టం సరిగ్గా ఉంటే కర్ణం 50 అడుగులు రావాలి. టేపు 50 అడుగుల 3 అంగుళాలు చూపిస్తే మూల దాదాపు 0.6 డిగ్రీలు విచ్చుకున్నట్టు. 40 అడుగుల గోడ చివర దగ్గర దగ్గర 5 అంగుళాలు పక్కకి జరుగుతుంది. పిల్లలతో తాడు పట్టిస్తే ముడులు వేయించకండి, ఒక్కో ముడి కొంత పొడవు తినేస్తుంది. తాడుని ముందు గట్టిగా లాగి సాగదీసి, ఆ బిగువు మీదే రంగు గుర్తులు పెట్టించండి. నూలు తాడు తడిస్తే కుదించుకుపోతుంది, ఆరుబయట అయితే నైలాన్ కాకుండా, అంతగా సాగని తాడు చూసుకోండి.

అడయారు లెక్కలు:
పురుగు మిగిలిపోయింది. జియోమెట్రిడే కుటుంబం అది. కొలిచేది రెక్కల పురుగు కాదు, దాని గొంగళిపురుగు. ముందు 3 జతల కాళ్లు, వెనక మామూలుగా 2 జతలే, నడుమ ఏమీ ఉండవు. అందుకని వెనక భాగాన్ని ముందుకి లాక్కుని, నడుం విల్లులా ఎత్తి, మళ్లీ చాపుతుంది, అచ్చం మనం జానలు వేసినట్టు. ‘జానలు కొలిచే పురుగు’ అని రాసి, కుటుంబం పేరు తెలుగు లిపిలో అలాగే ఉంచండి.